‘షివర్ అండ్ షేక్’ కట్ట దొరికితే మొదట వెనక అట్ట చూడండి

మీ ప్రశ్న చూసి ప్రాణం లేచొచ్చింది. లెస్టర్‌లో ఒక చారిటీ షాపులో పాత పిల్లల కామిక్స్ కట్ట దొరికిందనీ, అందులో ఎక్కువగా ‘షివర్ అండ్ షేక్’, కొన్ని ‘మాన్‌స్టర్ ఫన్’ ఉన్నాయనీ రాశారు. మూడు సంగతులు అడిగారు. మూడు నాలుగేళ్లలో ఇన్ని దయ్యాల హాస్య స్ట్రిప్పులు ఎందుకు వచ్చిపడ్డాయి? మీ తొమ్మిదేళ్ల అబ్బాయి చేతికి ఇవ్వొచ్చా? కట్టలో దాచుకోదగ్గవి ఏవి? నేను మాంచెస్టర్ పక్కన ఉంటూ ఇరవై ఏళ్లకు పైగా ఇవే పోగుచేస్తున్నాను. కొంచెం పొడుగ్గానే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

అన్నిటికంటే ముందు ఒక ‘షివర్ అండ్ షేక్’ సంచిక తీసి వెనక్కి తిప్పండి. పేజీ నిండా ఒకే ఒక్క వికృతాకారం ఉంటుంది. ఆ శీర్షిక పేరు ‘క్రీపీ క్రియేషన్స్’. మొట్టమొదటిది ‘వన్ ఐడ్ వాంక్ ఆఫ్ విగన్’. విగన్ మాకు దగ్గర్లోని పాత బొగ్గుగనుల ఊరు, దానికి ఒక ఒంటికన్ను భూతాన్ని అంటగట్టారన్నమాట. ఇంకోటి ‘బాగుల్ ఐడ్ బటీ బైటర్ ఆఫ్ శాండ్‌విచ్’. శాండ్‌విచ్ అనే ఊరు కెంట్‌లో నిజంగానే ఉంది, ‘బటీ’ అంటే ఇక్కడి ఉత్తరాదివాళ్ల మాటలో శాండ్‌విచ్చే. ఊరి పేరు, ప్రాస, భూతం, మూడూ ఒకే వాక్యంలో. ఊహలు పంపింది పాఠకులైన పిల్లలు, వాటికి కండా చర్మం ఇచ్చింది ఎక్కువగా కెన్ రీడ్ అనే చిత్రకారుడు.

ఆ బొమ్మ దగ్గర రెండు నిమిషాలు ఆగండి. ఒక్కో పులిపిరికి విడిగా నీడ ఉంటుంది, ఆ పులిపిరిలోంచి మొలిచిన వెంట్రుకకు కూడా నీడ ఉంటుంది. చిగుళ్లు, కనుగుడ్డు మీది నరాలు, నాలుక మీది గరుకు, అన్నీ సన్నటి కలం గీతలే. మొదటి చూపులో నవ్వొస్తుంది, దగ్గరికి వెళ్లేకొద్దీ ఒళ్లు జలదరిస్తుంది. ఈ స్ట్రిప్పుల గురించి నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే. దయ్యాన్ని మెత్తబరిచి, ముద్దొచ్చేలా చేసి పిల్లలకిచ్చారని చాలామంది అనుకుంటారు. నాసిరకం చిత్రకారుల విషయంలో అది నిజమే. మంచివాళ్ల చేతిలో మాత్రం భయం ఎక్కడికీ పోలేదు. కథలోంచి లేచి గీతలోకి వెళ్లి కూర్చుంది.

అలా ఎందుకు జరిగిందో తెలియాలంటే 1954కి వెళ్లాలి. ఆ సెప్టెంబరులో గ్లాస్గోలోని గోర్బల్స్ పేటలో వందలమంది పిల్లలు సదరన్ నెక్రోపొలిస్ అనే పాత శ్మశానంలోకి చొరబడ్డారు. ఇనప పళ్ల వ్యాంపైర్ ఒకటి ఇద్దరు పిల్లల్ని చంపి తినేసిందని పుకారు. దాన్ని పట్టుకోవాలని కర్రలు, కత్తులు పట్టుకొచ్చారు, నడక వచ్చీ రాని తమ్ముళ్లను కూడా వెంటేసుకొచ్చారు. గోడ అవతల ఇనుము కరిగించే కార్ఖానా. దాని పొగ, ఎర్రటి మంట వెలుగు సమాధుల మీద పడుతుంటే ఆ పిల్లలకు ఏం కనిపించి ఉంటుందో ఊహించండి. నిజానికి ఏ పిల్లాడూ తప్పిపోలేదు. కానీ నింద మాత్రం అప్పట్లో దిగుమతై ఇక్కడ తిరిగి అచ్చవుతున్న అమెరికన్ హారర్ కామిక్స్ మీద పడింది. వాటికి వ్యతిరేకంగా టీచర్లు, చర్చిలు, కమ్యూనిస్టు పార్టీ అప్పటికే గొంతెత్తుతున్నారు. ముగ్గురూ ఒక్క మాట మీద నిలబడటం అరుదైన సంగతే. 1955లో చట్టం వచ్చింది. నేరాలు, క్రూరత్వం, జుగుప్స కలిగించే ఘటనలు బొమ్మల కథలుగా చెప్పి పిల్లల మనసు చెడగొట్టే పత్రికలు అచ్చేయడం, అమ్మడం నేరమైంది. మొదట పదేళ్ల గడువుతో తెచ్చిన ఆ చట్టాన్ని 1969లో శాశ్వతం చేశారు.

సినిమా వైపు తలుపు కూడా మూసే ఉంది. హామర్ కంపెనీ 1957లో ఫ్రాంకెన్‌స్టైన్ కథను, 1958లో డ్రాక్యులాను రంగుల్లో తీసింది. వాటికి ‘ఎక్స్’ సర్టిఫికెట్. అంటే పదహారేళ్లు నిండనివాళ్లకు ప్రవేశం లేదు. 1970లో ఆ వయసును పద్దెనిమిదికి పెంచారు. పిల్లాడు బడికెళ్లే దారిలో గోడ మీద పోస్టరు చూడొచ్చు, లోపలికెళ్లి సినిమా చూడకూడదు. పోస్టరు మాత్రమే చూసినవాడి ఆకలి ఎంతుంటుందో ఆ తరంలో పెరిగిన ఎవర్ని అడిగినా చెప్తారు. నా ఉద్దేశంలో 1964 నుంచి 1976 దాకా వచ్చిన దయ్యాల హాస్యమంతా ఆ ఆకలికి పెట్టిన తిండే. శవాన్ని శవంగా వేస్తే చట్టం ఉంది, నవ్వించే శవాన్ని వేస్తే ఎవరూ పట్టించుకోలేదు.

మొదటి గొప్ప స్ట్రిప్ ‘ఫ్రాంకీ స్టైన్’. 1964 జూన్‌లో ఓడమ్స్ సంస్థ ‘వామ్!’ అనే వారపత్రిక మొదలుపెట్టింది. ‘బీనో’ అనే పిల్లల కామిక్‌లో మిన్నీ ద మింక్స్, బాష్ స్ట్రీట్ కిడ్స్ లాంటి పాత్రల్ని పుట్టించిన లియో బాక్సెండేల్ చుట్టూ కట్టిన పత్రిక అది. కెన్ రీడ్ కూడా ‘బీనో’ నుంచే వచ్చాడు. అక్కడ ఆయన వేసిన ‘జోనా’ ఎక్కిన ప్రతి ఓడా మునిగిపోయేది. ‘వామ్!’లో ఆ జులైలోనే ఆయన చేతిలో ఫ్రాంకీ పుట్టాడు. ఇలాంటి భూతాల కుటుంబంతో నవ్వించిన అమెరికన్ టీవీ సీరియల్ ‘ద మన్‌స్టర్స్’ మొదలైంది సెప్టెంబరులో. కాబట్టి దాన్ని చూసి దీన్ని చేశారన్న మాట తరచూ వినిపించినా నమ్మకండి.

కథ ఇంతే. ప్రొఫెసర్ క్యూబ్ తన కొడుకు మికీకి ఆడుకునే తోడు కావాలని ఒక ప్రాణిని తయారుచేస్తాడు. వచ్చినవాడు మహాకాయుడు, బండబలుడు, మనసు మాత్రం వెన్న. ‘డాడీ’ మీద వాడికి చెప్పలేనంత ప్రేమ. ఆ డాడీ వారం వారం వాణ్ణి వదిలించుకోవడానికి పేలుస్తాడు, ముంచుతాడు, తోసేస్తాడు. ప్రతిసారీ నలిగి నుజ్జయ్యేది క్యూబే. ఫ్రాంకీకి తనను చంపబోయారన్న సంగతి కూడా తెలియదు. నవ్వుతూ చదివేస్తాం కానీ, ఒక తండ్రి తాను పుట్టించినవాణ్ణి వారం వారం చంపాలని చూడటం మామూలు కథా? హామర్ సినిమాల కంటే ఇక్కడే మేరీ షెల్లీ రాసిన మూల నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’కు దగ్గరగా వెళ్లారనిపిస్తుంది నాకు. సృష్టించినవాడు మొహం తిప్పేసుకోవడమే కదా ఆ నవల గుండెకాయ.

ఓడమ్స్ పత్రికలు ఎక్కువకాలం బతకలేదు. ‘వామ్!’ 1968లో ‘పౌ!’లో కలిసింది, అదే ఏడు ‘పౌ!’ పోయి ‘స్మాష్!’లో కలిసింది. ఇక్కడి పద్ధతే అది. అమ్మకాలు తగ్గిన పత్రికను ఆపేయకుండా ఇంకోదానిలో కలుపుతారు, ‘పాఠకులందరికీ గొప్ప వార్త’ అని అట్ట మీద వేస్తారు. ఆ గొప్ప వార్త ఏమిటంటే మీ పత్రిక వచ్చే వారం నుంచి ఉండదని. పాత్రలు మాత్రం అలా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారుతూ బతికాయి. గ్రిమ్లీ ఫీండిష్ అనే బట్టతల దుర్మార్గుణ్ణి చూడండి. బాక్సెండేల్ వాణ్ణి ‘వామ్!’లో ఇంకొకరి స్ట్రిప్‌లో విలన్‌గా వేశాడు, తర్వాత ‘స్మాష్!’లో సొంత స్ట్రిప్ వచ్చింది, ఆ పైన మీ చేతిలో ఉన్న ‘షివర్ అండ్ షేక్’లోకీ వచ్చాడు. ద డామ్‌డ్ అనే పంక్ బృందం 1985లో వాడి పేరు మీద పాట కూడా పాడింది.

ఇక మీ కట్ట సంగతి. ‘షివర్ అండ్ షేక్’ 1973 మార్చి 10న మొదలై 1974 అక్టోబరు 5తో ఆగింది. మొత్తం 79 సంచికలు. దీన్ని అచ్చేసిన ఐపీసీ సంస్థ అంతకుముందు 1969లో ‘విజర్ అండ్ చిప్స్’తో ఒక ఎత్తు వేసింది: ఒక పత్రిక పొట్టలో ఇంకో పత్రిక. ఇదీ అలాగే. షివర్ అనే దయ్యానిది బయటి పత్రిక, షేక్ అనే ఏనుగుది లోపలి పత్రిక. పేరుకు పోటీ అయినా షేక్ భాగంలో మామూలు కొంటె స్ట్రిప్పులే ఎక్కువ, మీరు దాటేసినా నష్టం లేదు.

షివర్ భాగంలో తప్పకుండా చదవాల్సింది ‘స్క్రీమ్ ఇన్’. బ్రయన్ వాకర్ బొమ్మలు. దయ్యాలు నడిపే పాత హోటలు అది. అక్కడ ఒక రాత్రంతా ఉండగలిగినవాళ్లకు పది లక్షల పౌండ్లు. వారానికొకరు వస్తారు, తెల్లారకముందే కేకలు పెట్టుకుంటూ పారిపోతారు. ఎవర్ని పంపాలో కూడా పాఠకులే సూచించేవాళ్లు. పేరులో కూడా ఆట ఉంది. ‘ఇన్’ అంటే సత్రం, రెండు మాటలూ కలిపి పలికితే ‘అరుస్తూ’ అని వినపడుతుంది. వాకర్ బొమ్మల్లో నాకు నచ్చేది మూలలు. అసలు కథ గదిలో నడుస్తుంటే మెట్ల కింద, చూరు మీద, కుండీ వెనక ఎవరో ఒకరు వేరే పనిలో ఉంటారు. ఒకసారి కథ కోసం చదవండి, రెండోసారి మూలల కోసం చదవండి.

చందమామ బేతాళ కథలతో పెరిగిన మనకు శవంలోని బేతాళుడు అంటే కథ చెప్పి ప్రశ్న అడిగేవాడు. ఇక్కడి దయ్యానికి ఉద్యోగం ఉంది. ఈ తేడా పట్టుకుంటే సగం స్ట్రిప్పులు వాటంతట అవే తెరుచుకుంటాయి. ‘బస్టర్’ అనే ఇంకో వారపత్రికలో రెజ్ పార్లెట్ వేసిన ‘రెంట్ ఎ గోస్ట్ లిమిటెడ్’ అంటే దయ్యాల్ని అద్దెకిచ్చే కంపెనీ. ‘కోర్!!’ పత్రికలో ‘హైర్ ఎ హారర్’ కూడా అదే బాపతు. ఎవరినైనా భయపెట్టాలంటే ఫోన్ చేయాలి, పంపిస్తారు. అదే ‘కోర్!!’లో గ్రాహమ్ అలెన్ వేసిన ‘ఫీండ్స్ అండ్ నైబర్స్’లో మామూలు దంపతుల పక్కింట్లోకి భూతాల కుటుంబం దిగుతుంది. వాళ్లు ఎంతో మర్యాదస్తులు, ఇబ్బందంతా ఈ ఇంట్లోవాళ్లదే. ఆఫీసు, అద్దె, పక్కింటివాళ్లతో పేచీ, ఇంటికొచ్చే చుట్టాలు: ఇంగ్లండులో మధ్యతరగతి బతుకంతా దయ్యాల ముసుగులో ఉంది. పరాయి ఊరు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు తీసుకున్న నాకు ‘ఫీండ్స్ అండ్ నైబర్స్’ మొదటిసారి చదివినప్పుడు ఆ భూతాల కుటుంబం మీదే మనసు పోయింది.

‘స్వీనీ టాడ్లర్’ గురించి ఒక మాట. బాక్సెండేల్ ‘షివర్ అండ్ షేక్’ కోసం పుట్టించిన రాక్షసపు పసిపిల్లాడు. ఆ పేరు స్వీనీ టాడ్ నుంచి వచ్చింది. కుర్చీలో కూర్చున్నవాళ్ల గొంతుకోసే లండన్ మంగలి కథ, 1840లలో పెన్నీకి దొరికే చవక పత్రికల్లో పుట్టింది. పిల్లలూ పనివాళ్లూ ఎగబడి చదివిన ఆ నెత్తుటి కథల మీద అప్పట్లోనూ ఇదే గొడవ జరిగింది. నూట ముప్పై ఏళ్ల తర్వాత ఆ మంగలి లాగులో తడిపేసుకునే పసివాడై తిరిగొచ్చాడు. తర్వాత ఈ స్ట్రిప్‌ను టామ్ పాటర్సన్ అందుకున్నాడు. మొదట వేసినవాడే గొప్ప అని చాలామందికి పట్టింపు ఉంటుంది కానీ, నాకు పాటర్సన్ బొమ్మలే ఎక్కువ ఇష్టం.

‘మాన్‌స్టర్ ఫన్’ 1975 జూన్ 14 నుంచి 1976 అక్టోబరు 30 దాకా, 73 సంచికలు. తర్వాత ‘బస్టర్’లో కలిసింది. దీనికి ‘సంపాదకుడు’ మన ఫ్రాంకీ స్టైనే, కాకపోతే అప్పటికి రాబర్ట్ నిక్సన్ చేతిలో గుండ్రంగా, హాయిగా మారిపోయాడు. నిక్సన్ గీత శుభ్రంగా ఉంటుంది, పిల్లలు వెంటనే ఇష్టపడతారు. ముసలమ్మ చేరదీసిన మహా గొరిల్లా ‘కిడ్ కాంగ్’ కూడా ఆయనదే. ‘గమ్స్’ 1976లో వచ్చింది. సొరచేప సినిమా ‘జాస్’ అప్పుడే ఇక్కడి థియేటర్లను ఊపేస్తోంది. ఈ సొరచేపకు మాత్రం కట్టుడు పళ్లు, బ్లూయీ అనే ఆస్ట్రేలియా కుర్రాడు వాటిని కాజేస్తుంటాడు. టెరీ బేవ్ వేసిన ‘డ్రాక్యులాస్’లో వ్యాంపైర్ పిల్ల ఇంగ్లండులోని బంధువుల ఇంట్లో మకాం వేస్తుంది. ఇవన్నీ బావుంటాయి. కానీ మీరు వెతకాల్సింది కెన్ రీడ్ వేసిన ‘మార్తాస్ మాన్‌స్టర్ మేకప్’. ఒక అమ్మాయి చేతిలో మంత్రపు మేకప్ డబ్బా, ఎక్కడ రాస్తే ఆ అవయవం భూతానిదైపోతుంది. చెయ్యి, ముక్కు, చెవి, ఏదైనా.

శరీరం చెప్పినమాట వినకపోవడం, రీడ్‌కి జీవితమంతా ఇదే విషయం. 1971లో ‘జెట్’ పత్రికలో మొదలై ‘బస్టర్’లోకి వెళ్లిన ‘ఫేస్‌ఏక్’ దీనికి పరాకాష్ఠ. రికీ రబ్బర్‌నెక్ అనే కుర్రాడు మొహాన్ని ఎలా కావాలంటే అలా మెలితిప్పగలడు. ఆ చర్యకు రీడ్ ‘స్క్రంజ్’ అనే మాటే పుట్టించాడు. ఏళ్లు గడిచేకొద్దీ మొహం చాలక ఒళ్లంతా మారిపోయే దాకా వెళ్లింది. 1987లో చనిపోయేదాకా ఆయన ఆ స్ట్రిప్ వేస్తూనే ఉన్నాడు.

మీ అబ్బాయి విషయం. ఇవ్వండి, సందేహం అక్కర్లేదు. తొమ్మిదేళ్లవాళ్లకే ఇవి వేసింది. రాత్రి నిద్రపట్టకుండా చేసేవి కావు. వాడి మనసు మరీ మెత్తనైతే ‘క్రీపీ క్రియేషన్స్’ పగలు చూపించండి, అంతే. నేను జాగ్రత్త చెప్పేది వేరే వాటి గురించి. ఆ రోజుల్లో బడిలో బెత్తం దెబ్బలు మామూలు, చాలా స్ట్రిప్పులు చివరి గడిలో పిల్లాణ్ణి బాదడంతో ముగుస్తాయి. ఇక్కడి ప్రభుత్వ బడుల్లో దెబ్బలు కొట్టడం చట్టరీత్యా ఆగింది 1987లో. లావుగా ఉన్నవాళ్ల మీద జోకులు, ఆఫ్రికా, ఆసియా మనుషుల్ని హేళనగా వేసిన బొమ్మలు కూడా అక్కడక్కడా తగులుతాయి. మన పిల్లాడు అలాంటి బొమ్మ ముందు ఒంటరిగా ఉండకూడదని నా పట్టుదల. నా కూతురితో అయితే పక్కన కూర్చుని చదివాను, అలాంటి పేజీ వచ్చినప్పుడు ఆగి మాట్లాడుకున్నాం. ఇంకో చిక్కు మాటల ఆట. పేర్లన్నీ పాత సినిమాల, టీవీ కార్యక్రమాల మీద చమత్కారాలే. ‘హారర్‌నేషన్ స్ట్రీట్’ అన్నది ‘కోరనేషన్ స్ట్రీట్’ సీరియల్ మీద విసురని మీరు చెప్తేనే వాడికి తెలుస్తుంది.

ఏవి దాచుకోవాలంటే, ‘మాన్‌స్టర్ ఫన్’ సంచికలు తెరిచి నడిమి పేజీలు చూడండి. అక్కడ ‘బాడ్‌టైమ్ బెడ్‌టైమ్ బుక్’ అని చిన్న పుస్తకం ఉండేది. పేజీలు ఊడదీసి, మడిచి, కత్తిరించి బుల్లి పుస్తకం చేసుకోవాలి. ఆ వరసను మొదలుపెట్టింది బాక్సెండేల్, ఆయన పిచ్చి ఊహలకు కట్టుతెగింది అక్కడే. పిల్లలు చెప్పినట్టే కత్తిరించారు కాబట్టి చాలా సంచికలకు నడుము ఖాళీగా ఉంటుంది. మీ దాంట్లో అవి చెక్కుచెదరకుండా ఉంటే కత్తెర దూరంగా పెట్టండి. వెనక అట్టల కథా అంతే, భూతాల బొమ్మలు చించి గోడకు అంటించుకునేవాళ్లు.

ఇవి చవక న్యూస్‌ప్రింట్ మీద అచ్చయ్యాయి. ఎండ తగిలితే నెలల్లో గోధుమరంగుకి తిరిగి అంచులు పొడిపొడిగా రాలతాయి. పిన్నులు తుప్పు పట్టి చుట్టూ కాయితాన్ని తినేస్తాయి. తుప్పు పిన్నుల్ని లాగకండి, వెనకవైపు నుంచి మెల్లగా విప్పి తీయండి. యాసిడ్ లేని కవర్లలో ఒక్కోటి విడిగా, వెనక అట్టముక్క పెట్టి, పడుకోబెట్టి దాచండి. టేపు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ అంటించకండి. మొదట్లో ఒక పాత వస్తువుల దుకాణంలో నేను కొన్న కట్టలో చిరుగులన్నీ టేపుతో అతికించి ఉన్నాయి, ఆ పసుపు మరక సిరాను కూడా మింగేసింది. ఇప్పటికీ ఆ సంచికల్ని తెరవబుద్ధి కాదు.

వాడు చదివి చదివి నలిపేస్తాడన్న భయం ఉంటే వాడికి విడిగా కొత్త పుస్తకాలు కొనండి. ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన రెబెలియన్ సంస్థ 2016లో ఈ పాత పత్రికల హక్కులు కొని, ‘ఫేస్‌ఏక్’, ‘క్రీపీ క్రియేషన్స్’ లాంటివి అట్టపుస్తకాలుగా తెచ్చింది. 2022లో ‘మాన్‌స్టర్ ఫన్’ పేరుతో కొత్త పత్రిక కూడా మొదలుపెట్టింది. ఏడాదికొకటిగా వచ్చిన పాత యాన్యువల్స్ కూడా మంచివే. వారపత్రికలు ఆగిపోయాక ఏళ్ల తరబడి అవి వస్తూనే ఉన్నాయి, గట్టి అట్ట కాబట్టి పిల్లల చేతుల్లో నిలుస్తాయి, చారిటీ షాపుల్లో తరచూ కనబడతాయి.

మీ కట్టలో ‘షివర్ అండ్ షేక్’ ఎన్నిటికి వెనక అట్టలు ఉన్నాయో, ‘మాన్‌స్టర్ ఫన్’ ఎన్నిటికి నడిమి పుస్తకం ఉందో లెక్కపెట్టి, అట్ట మీది తేదీలతో సహా రాయండి. నా దగ్గర జతలున్నవి కొన్ని ఉన్నాయి, మీకు లేనివి వాటిలో ఉంటే పంపిస్తాను.